మొన్న వస్తుంది

లాండ్రీలో పొద్దున్నే మొదటి పని దులపడం. ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ, అన్నీ దాని తర్వాతే. వచ్చిన బట్టల్ని వరసగా కొక్కేలకి తగిలించి, తడి బ్రష్షుతో పైనుంచి కిందికి ఒకే వైపు లాగాలి. ఎదురు లాగితే నూగు పోగుల్లోకి దిగిపోతుంది, ఆ తర్వాత బండకేసి బాదినా రాదు. బ్రష్షుకి అంటుకున్నదాన్ని ఉండ చుట్టి రేకు డబ్బాలో వేసి మూత పెట్టాలి. డబ్బా నిండితే పొయ్యిలో కుమ్మరించాలి.

మామూలు నూగుతో పేచీ లేదు. పేచీ అంతా మాటల నూగుతోనే. ఎవరి గురించి ఎవరు ఎక్కడ మాట్లాడుకున్నా, ఆ మాట సన్నటి నూగుపోగై ఆ మనిషి ఒంటిమీది బట్టకే వచ్చి అంటుకుంటుంది. మామూలు మనిషికి రోజుకి ఐదో ఆరో. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి గుప్పెడు. పన్నుల అధికారి కోటు ఒక్కదానికే సగం డబ్బా నిండుతుందని లాండ్రీలో నవ్వుకునేవారు. ఆ పోగుని చెవి దగ్గర పెట్టి రెండు వేళ్ళ మధ్య నలిపితే అన్న మాట అన్నట్టే వినిపిస్తుంది. ఒక్కసారే. ఆ తర్వాత వేళ్ళ మధ్య కాస్త బూడిద మిగులుతుంది. కానీ ఎవరూ నలపరు. తనమీద పడ్డ నూగు తాను వినడం మర్యాద కాదు, విన్నవాళ్ళు బాగుపడిన దాఖలా కూడా లేదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి లాండ్రీ పెద్దావిడ మొదటిరోజే చెప్పేది, చెవులు ఇంట్లో పెట్టి రండమ్మా అని.

అక్కడ పద్నాలుగేళ్ళుగా దులుపుతున్న ఆమె ఒక్క పోగైనా నలిపి ఎరగదు. పనిలో ఎంత పట్టింపో మాటలోనూ అంతే. ఎవరైనా "ఓ పది చొక్కాలు" అంటే పదా, తొమ్మిదా అని అడిగేది. అందుకే తమ్ముడు ఆమెని పంతులమ్మా అని ఏడిపించేవాడు.

ఆ తమ్ముడు ఏడో నంబరు బస్సు నడిపేవాడు. ఇంట్లోవాళ్ళే కాదు, డిపోలో కూడా అందరూ అతన్ని ఎల్లుండి అనే పిలిచేవారు. ఏం అడిగినా ఎల్లుండి అనేవాడు గనక. అక్క వంటింట్లో అలమర బిగించడం రెండేళ్ళుగా ఎల్లుండే. పెళ్ళెప్పుడురా అన్నా ఎల్లుండే. ఎవరికి ఎన్ని ఎల్లుండిలు చెప్పాడో అతనికే గుర్తుండదు. ఎవరూ వాటిని పట్టించుకోరు కూడా.

ఒక్క మిడత తప్ప. అక్క ఆరేళ్ళ కూతురు. రెండడుగులు కుదురుగా వెయ్యదు గనక తండ్రి పెట్టిన పేరు అది.

నూగు పడే చోటుకి ఒక పద్ధతుంది. అన్నవాళ్ళ నోరు ఎంత ఎత్తున ఉంటే అంత ఎత్తునే పడుతుంది. పెద్దవాళ్ళ మాటలు భుజాల మీద, కాలరు చుట్టూ. పిల్లల మాటలు జేబు దాటి పైకి రావు. రోజూ సాయంత్రం తల్లి కోటుకి జేబు కింద రెండో మూడో పోగులు ఉండేవి, మెత్తగా, పావురం ఈక లోపలి నూగులాగా. మిడత బళ్ళో ఎవరితోనో "మా అమ్మ" అంటూ ఏదో చెప్పిందన్నమాట. తల్లి వాటిని అన్నిటికన్నా ఆఖర్న దులిపేది. కొన్నిరోజులు దులపకుండా వదిలేసేది. పద్నాలుగేళ్ళలో పనిలో ఆమె చేసిన తప్పు అదొక్కటే.

మిడతకి కిందటేడు దాకా నిన్నకీ రేపుకీ తేడా తెలిసేది కాదు. రేపు జ్వరం వచ్చిందనేది, నిన్న సెలవిస్తారా అని అడిగేది. తండ్రికి అది ముద్దుగా ఉండేది. ఆయన తాళాలు చేసేవాడు. తాళంచెవి అరగదీస్తూ, పోనీలే, పెద్దయితే అదే తెలుస్తుందిలే అనేవాడు. తల్లి ఊరుకోలేదు. నిన్న అంటే అయిపోయింది, రేపు అంటే రావాల్సింది అని సెలవులన్నీ కూర్చోబెట్టి వల్లె వేయించింది. సెలవులు అయ్యేసరికి మిడత నిన్నని నిన్నలో, రేపుని రేపులో పెట్టడం నేర్చుకుంది. తప్పు మాన్పించానని తల్లి అనుకుంది.

సోమవారం పొద్దున బడికి బయల్దేరుతుండగా తల్లి వంగి బూటు కడుతోంది. ఎడమ బూటు లేసు తెగితే దాని బదులు తెల్లదారం ఎక్కించింది. మిడత ఆమె భుజం పట్టుకుని ఒంటికాలి మీద ఊగుతూ చెప్పింది.

"అమ్మా, మామయ్య మొన్న నన్ను బస్సులో తిప్పుతాడు."

"తిప్పుతాడు కాదు, తిప్పాడు. మొన్న అంటే అయిపోయింది కదా."

"తిప్పాడు," అంది మిడత బుద్ధిగా.

"మొత్తం చెప్పు."

"మామయ్య మొన్న నన్ను బస్సులో తిప్పాడు."

"ఊఁ, ఇప్పుడు సరిగ్గా ఉంది."

శనివారం తనకి చెప్పకుండా పిల్లని తిప్పాడన్నమాట, అడగాలి వీణ్ణి అనుకుంది తల్లి. పనిలో పడి మర్చిపోయింది. బుధవారం సాయంత్రం మిడత బడినుంచి ఇంటికి రాలేదు.

ఇన్‌స్పెక్టర్ అడిగిన ప్రతిదానికీ ఆమె అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. పచ్చ గౌను. ఎడమ బూటుకి తెల్లదారం. ముందు పళ్ళలో ఒకటి కదులుతోంది. ఈమధ్య ఎవరితోనైనా వెళ్ళిందా అంటే, సోమవారం కూతురు అన్న వాక్యం దిద్దినది దిద్దినట్టే చెప్పింది. ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. ఆ సాయంత్రమే ఎల్లుండిని పిలిపించారు. శనివారం పిల్లని ఎక్కడికి తీసుకెళ్ళావంటే అతను ఎక్కడికీ తీసుకెళ్ళలేదన్నాడు. ఆరోజు మధ్యాహ్నం గంటసేపు ఏం చేశావంటే బస్సులో నిద్రపోయానన్నాడు. చూసినవాళ్ళు లేరు. ఇక అందరి చూపూ ఆ శనివారం మీదే నిలబడిపోయింది. పిల్ల కనబడకుండా పోయిన బుధవారం డిపోవాళ్ళు అతన్ని మూడో నంబరుకి మార్చారు. ఆ పూట ఏడో నంబరు నడిపినవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

తల్లి టీవీలో మాట్లాడింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. పచ్చ గౌను, తెల్లదారం, కదిలే పన్ను, ఒకదాని తర్వాత ఒకటి, వాక్యానికి వాక్యం. దాంతో ఊరు ఇంకో మలుపు తిరిగింది. బిడ్డ కనబడని మనిషి ఇంత శుభ్రంగా మాట్లాడుతుందా అన్నారు. టీ కొట్లో, క్షవరం కుర్చీలో, బడి గేటు దగ్గర అదే మాట. తమ్ముడు చేశాడన్నారు కొందరు. చేసింది తమ్ముడే గాని చేయించింది అక్క అన్నారు ఇంకొందరు. ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు చేసినవాడు, ఆయన ఇంట్లో పిల్ల ఎలా పోతుందని మూడోవాళ్ళు. ఎవరూ గట్టిగా అనలేదు. అనుమానం మాత్రమే అన్నారు, మనకెందుకులే అని కూడా అన్నారు.

మర్నాటికి ఆమె కోటు కాలరు నూగులో మునిగిపోయింది. నాలుగోరోజుకి బూడిదరంగు నూలు కోటు కాస్తా ఉన్ని కోటులా తయారైంది. గుమ్మం దాటి పది అడుగులు వేస్తే భుజాలు బరువెక్కేవి. లాండ్రీ పెద్దావిడ ఆమెకి వెనకగది ఇచ్చింది, విడిగా ఒక డబ్బా ఇచ్చింది. ఏమీ అడగలేదు. ఆమె పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కోటు తీసి, కళ్ళు మూసుకున్నట్టే పైనుంచి కిందికి లాగేసి, పొయ్యిలో కుమ్మరించేది.

తండ్రి మాత్రం వినడం మొదలుపెట్టాడు. మొదట ఒక్కటి, ఏమైనా ఆచూకీ తెలుస్తుందేమోనని. తర్వాత వదల్లేకపోయాడు. అంగడి మూసేసి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని తన చొక్కామీదివి ఒక్కొక్కటే తీసి చెవి దగ్గర నలుపుకునేవాడు. వేళ్ళు ఎప్పుడూ బూడిదగా ఉండేవి. తలుపుకి లోపలివైపు నాలుగు తాళాలు బిగించాడు. భార్య మాట్లాడుతుంటే ఆమె నోటివంక కాకుండా చేతులవంక చూసేవాడు.

"మీ తమ్ముడు శనివారం ఎక్కడున్నాడో నీకు తెలుసు," అన్నాడొకరోజు.

"తెలియదు."

"అందరూ తెలుసంటున్నారు."

ఆయన మరో పోగు తీశాడు.

ఎల్లుండిని మూడురోజులు ఉంచుకుని వదిలేశారు. డిపోలో డ్యూటీ ఇవ్వలేదు. అతను నేరుగా అక్క గుమ్మంలోకి వచ్చాడు. తలనుంచి మోకాళ్ళదాకా నూగు, గొర్రెలాగా ఉన్నాడు. వేరే రోజైతే ఆ మాట అతనే ముందు అని నవ్వించేవాడు. తండ్రి తాళాలు తియ్యలేదు. తల్లి తలుపు వెనకనుంచే అడిగింది.

"మొన్న శనివారం దాన్ని ఎక్కడికి తిప్పావు? సరిగ్గా చెప్పు."

"నేను తిప్పలేదక్కా."

"అది అబద్ధం చెప్పదురా."

"చెప్పదు," అన్నాడు తమ్ముడు. "అదే నాకూ అర్థం కావట్లేదు."

కాసేపు నిలబడ్డాడు. మెట్లు దిగిన చప్పుడైంది.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం వెనకగదిలో ఆమె కోటు దులుపుతోంది. భుజాలు, రొమ్ము, నడుము అయ్యాక అలవాటుగా చెయ్యి నెమ్మదించింది. జేబు కింద ఎప్పుడూ నెమ్మదిగానే దులిపేది. బ్రష్షు అక్కడే ఆగిపోయింది.

మిడత ప్రాణాలతో ఉంటే ఎక్కడో ఒకచోట, ఎవరితోనో ఒకరితో "మా అమ్మ" అనే ఉంటుంది.

ఎనిమిదిరోజుల నూగు పొయ్యిలో వేసింది తనే. ఆమె పెద్దావిడ దగ్గరికి వెళ్ళి ఒక పళ్ళెం అడిగింది. కోటుకి కిందిభాగంలో ఉన్నవన్నీ వేళ్ళతో ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో వేసుకుంది, కిటికీ దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. పెద్దావిడ చూసింది. తలుపు దగ్గరగా వేసి, ఎవరినీ లోపలికి రానివ్వకుండా బయట తనే ఇస్త్రీ చేస్తూ నిలబడింది.

ఊళ్ళో పిల్లలందరూ ఆమె గురించి మాట్లాడారు. పిల్లలు ఇళ్ళల్లో విన్నది విన్నట్టే అంటారు, గొంతు తగ్గించడం రాదు.

"టీవీలో కనబడటానికి వాళ్ళమ్మే దాచేసిందంట. మా నాన్న చెప్పాడు."

"ఆవిడ ఏడవలేదంట. నేను పోతే ఏడుస్తావా అని మా అమ్మని అడిగాను. ఏడుస్తానంది."

"వాళ్ళమ్మ ఒకసారి నా గౌను మీద సిరా మరక తీసింది. అప్పుడు మంచిదే."

"లాండ్రీలో పెద్ద పొయ్యి ఉందిగా. అందులో..."

ఆ పోగు అక్కడితో అయిపోయింది. అన్న పిల్లకే భయమేసి ఆగిపోయినట్టుంది. తల్లి వేళ్ళు తుడుచుకుని తర్వాతది తీసింది. ఆరోజు చీకటి పడేదాకా, మర్నాడంతా విన్నది. ఒక్కొక్కటి నలిపేముందు ఇదే అయ్యుండాలనుకునేది. నలిపాక అది వేరే ఇంటి పిల్ల గొంతు. అవి వింటుంటే ఆమెకి ఒకటి తెలిసింది. తన గురించి చెప్పినవన్నీ సరిగ్గా, వ్యాకరణం తప్పకుండా ఉన్నాయి. నిజమైనవి ఒకటో రెండో.

పదకొండోరోజు పొద్దున పళ్ళెంలో అడుగున ఒక పోగు దొరికింది. మిగతావాటికన్నా తెల్లగా ఉంది. చెవి దగ్గర పెట్టి నలిపింది.

"మా అమ్మ మొన్న వస్తుంది."

పన్ను ఊడినచోట గాలి పోయినట్టు "స" దగ్గర కాస్త జారింది. అంతే, అయిపోయింది.

"మొన్న వస్తుంది కాదు, మొన్న వచ్చింది," అన్నది తల్లి నోరు దానంతటదే.

నిన్న, రేపు నేర్పింది. మొన్న, ఎల్లుండి నేర్పలేదు. ఒక్కటి నేర్పితే రెండోది వచ్చేసిందనుకుంది. సోమవారం పిల్ల అన్నది మొన్న తిప్పుతాడని. అంటే ఎల్లుండి తిప్పుతాడని. మామయ్య అందరికీ చెప్పినట్టే దానికీ చెప్పాడు. అదొక్కతే నమ్మి, వేళ్ళమీద రోజులు చూసుకుని, బుధవారం బడి అవ్వగానే వెళ్ళి ఏడో నంబరు ఎక్కింది. ఆ వాక్యంలో తప్పు రోజుది. ఆమె దిద్దింది క్రియని.

వేళ్ళకి అంటిన బూడిద చురుక్కుమంటోంది. నాలిక్కి తాకించి చూసింది. సున్నం. మాట అన్నచోటి దుమ్ము పోగుతోబాటే వచ్చింది. తమ్ముడి యూనిఫాం మోచేతుల దగ్గర ఇన్నేళ్ళుగా ఇదే సున్నం వదిలిస్తోంది. ఏడో నంబరు ఆఖరి స్టాపు మూసేసిన సున్నపు బట్టీల దగ్గర.

ఇంటికి పరిగెత్తి తలుపు కొట్టింది. "తియ్యండి," అంది. "అది సరిగ్గానే చెప్పింది. నేను తప్పు దిద్దాను."

తండ్రికి ఏమీ అర్థం కాలేదు. కానీ పదకొండురోజుల్లో భార్య గొంతు వణకడం అదే మొదటిసారి. నాలుగు తాళాలూ తీశాడు.

బస్సు ఆఖరికి వచ్చేసరికి అందులో వాళ్ళిద్దరే మిగిలారు. బట్టీల వెనక ఒకప్పుడు పనివాళ్ళుండే గదుల వరస ఉంది. చాలావాటికి తలుపుల్లేవు. ఒక్కదాని పొగగొట్టంలోంచి సన్నగా పొగ వస్తోంది. గుమ్మంలో ముసలావిడ ఒకామె కూర్చుని పచ్చ గౌను దులుపుతోంది. పక్కన ఒక దిండు. మూతి ఇంకా కుట్టలేదు, లోపల నూగు కుక్కి ఉంది.

"మా చెల్లెలి బట్టలమ్మా," అంది ముసలావిడ వాళ్ళని చూసి, వాళ్ళకోసమే ఎదురు చూస్తున్నట్టు. "ఎంత దులిపినా తరగట్లేదు. పోనీలే, దిండుకైనా పనికొస్తుందని కుక్కుతున్నా."

ఊరు ఊరంతా ఆ పిల్ల గురించి అన్నది ఆ దిండులో ఉంది. మిడత పెద్ద చొక్కా ఒకటి తొడుక్కుని, దానిమీదే తలపెట్టి లోపల పడుకుని ఉంది. లేచి కూర్చుంది. మొహం నిండా సున్నం. ముసలావిడ వైపు తిరిగి గెలిచినట్టు అంది.

"చెప్పానా, మా అమ్మ మొన్న వస్తుందని."

"నేనెప్పుడు కాదన్నానే?" అంది ముసలావిడ. ఆవిడకి ఎప్పుడో మొన్నా ఎల్లుండీ ఒకటైపోయాయి.

"అవును తల్లీ," అంది అమ్మ. "మొన్న వచ్చాను." ఇంకేమీ దిద్దలేదు.

తండ్రి పిల్లని ఎత్తుకుని మొహం దాచుకున్నాడు. బయల్దేరుతుంటే ముసలావిడ లేచి నిలబడింది. మా చెల్లెల్ని ఎక్కడికి తీసుకుపోతున్నారని అడిగింది. ఎల్లుండి తీసుకొస్తాం పెద్దమ్మా అన్నాడాయన. అప్పుడు తల్లి ఆవిడ భుజాలవంక చూసింది. వెలిసిపోయిన చొక్కా, ఒక్క నూగుపోగు లేదు. జేబు కింద మాత్రం నాలుగైదు, తెల్లగా, మెత్తగా. ఎన్నేళ్ళనుంచో ఈ లోకంలో ఆవిడ గురించి మాట్లాడింది మిడత ఒక్కతే.

అందుకే ఇన్‌స్పెక్టర్ ఎక్కడ దొరికిందంటే బస్సు ఆఖరి స్టాపులో అంది. ఎవరి దగ్గరుందంటే, "ఎవరో పెద్దావిడండీ. సరిగ్గా గుర్తులేదు," అంది. జన్మలో మొదటిసారి.

తమ్ముడి గదికి ఆ సాయంత్రమే వెళ్ళారు. తాళం వేసుంది. తండ్రి తీశాడు. మంచం మీద మడిచిన యూనిఫాం, కిటికీలో కుచ్చులన్నీ అరిగిపోయిన బ్రష్షు. అక్క గుమ్మందాకా వచ్చిన రోజే వెళ్ళిపోయాడని పక్కగదివాళ్ళు చెప్పారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

ఊరు ఆగలేదు. పిల్ల దొరికితే మరి వాడెందుకు పారిపోయాడన్నారు. ఇన్నిరోజులు ఎవరో పెద్దావిడ దగ్గర ఉందంటే ఏదో ఉందన్నారు. కోటు మీద నూగు తగ్గిందే గాని పోలేదు. ఆమె మళ్ళీ ఎప్పటిలాగే వినకుండా దులపడం మొదలుపెట్టింది. రోజు విడిచి రోజు మాత్రం ముగ్గురూ ఏడో నంబరు ఎక్కి బట్టీలదాకా వెళ్ళేవారు. వంటింట్లో బిగించని అలమర కొయ్యలు గోడకి అలాగే ఆనించి ఉన్నాయి.

ఒకరోజు పొద్దున బూటు కట్టించుకుంటూ మిడత వాటివంక చూసింది.

"మామయ్య మొన్న వస్తాడు," అంది.

తల్లి నోరు తెరిచింది. మూసుకుంది. తెల్లదారం ముడి వేస్తూ, "మళ్ళీ చెప్పు," అంది.

"మామయ్య మొన్న వస్తాడు."

ఆ తర్వాత ప్రతిరోజూ బూటు కట్టేటప్పుడు చెప్పించేది, కిందటేడు నిన్న, రేపు చెప్పించినట్టే.

చాలా దూరంలో, ఇంకో ఊరి బస్టాండులో, టిక్కెట్ల కిటికీ ముందు ఒక మనిషి నిలబడ్డాడు. అది అతనికి నాలుగో ఊరు. ఏ ఊళ్ళో బస్సులు కడిగే పనికి కుదిరినా వారం తిరిగేసరికి నూగు వెతుక్కుంటూ వచ్చేసేది. కొత్తవాళ్ళు అతని భుజాలు చూసి దూరం జరిగేవారు. దులపడం ఎప్పుడో మానేశాడు. ఇంకా దూరం పోయే బస్సు కోసం, దారి ఎక్కడ ఆగిపోతే అక్కడికి, టిక్కెట్టు అడగడానికి వచ్చాడు. ముందు మనిషి కదిలేలోగా ఊరికే చెయ్యి జేబులో పెట్టబోయాడు. జేబు కింద ఏదో మెత్తగా తగిలింది. గడ్డిపువ్వేమో అనుకుని గిల్లి తీశాడు. అదే చేత్తో చెంపమీద చెమట తుడుచుకున్నాడు. చెవి పక్కన అది నలిగింది.

అతను అక్కడే నిలబడిపోయాడు. వెనకున్నవాళ్ళు కదలమన్నారు. కిటికీలో గుమాస్తా రెండుసార్లు అడిగాడు, ఎక్కడికయ్యా అని.

అతను అక్క ఉండే ఊరి పేరు చెప్పాడు. బస్సెప్పుడని అడిగాడు.

"ఎల్లుండి," అన్నాడు గుమాస్తా.

అతను తలూపి, ఎదురుగా ఉన్న బెంచీ మీదికి వెళ్ళి కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపు చూసి గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎల్లుండి అన్నాను. ఇప్పట్నించీ ఎందుకు కూర్చోవడం?"

"విన్నానండీ," అన్నాడతను. "ఎల్లుండే. ఇక్కడే ఉంటాను."